స్టాక్ లేదు

రహమత్ బీ ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ కుడిచెయ్యి పట్టుకుంటుంది. నమస్తేలూ సలాములూ ఆ తర్వాతే. అరచెయ్యి తిరగేసి, బొటనవేలి మొదలు నుంచి చూపుడువేలి కొసదాకా తన వేళ్ళతో ఒకసారి కొలిచి, "ఊఁ" అని వదిలేస్తుంది. సింగపూర్‌లో మేము అప్పట్లో ఉన్న ఆంగ్ మో కియో పేటలో మా తెలుగు ఆడవాళ్ళందరూ ఆవిడకి జాతకం చెప్పడం వచ్చనుకునేవారు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి కోసం ఎదురుచూస్తున్న ఒకావిడైతే చెయ్యి చాపి, "ఆంటీ, మాకు పీఆర్ ఎప్పుడొస్తుందో చెప్పండి" అని అడిగింది. రహమత్ బీ ఆ చేతిని శ్రద్ధగా చూసి, "నీకు చిన్నది సరిపోతది బిడ్డా" అంది. ఆవిడ చిన్న ఫ్లాట్ అనుకుని, అదే పదివేలని సంతోషపడి వెళ్ళిపోయింది.

చిన్నదంటే చిన్న రివాల్వర్ అని నాకు చాలా రోజులకి తెలిసింది.

రహమత్ బీకి అరవై తొమ్మిదేళ్ళు. హైదరాబాదులో కోఠీ వెనక ఒక సందులో ముప్పై ఆరేళ్ళపాటు తుపాకుల దుకాణంలో కూర్చుంది. దుకాణం ఆవిడ భర్త అఖ్తర్ సాబ్‌ది. లైసెన్సు ఉన్నవాళ్ళకి తుపాకులు అమ్మడం, పాతవి బాగుచెయ్యడం ఆయన పని. పరదా వెనక కూర్చుని వాటికి తోలు సంచులు కుట్టడం ఈవిడ పని. నలభై దాటేసరికి ఆయన చూపు మందగించింది. అప్పుడు పరదా తీసేసి ఈవిడే కౌంటర్లోకి వచ్చింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని మీట నొక్కిన చప్పుడు విని తుపాకీ బాగోగులు చెప్పేవాడు. ఈవిడ వచ్చినవాళ్ళ చెయ్యి కొలిచి, ఎవరికేది నప్పుతుందో చెప్పేది. "గాజులమ్మేటోళ్ళు చెయ్యి జూడరా? నేనూ గంతే" అనేది నాతో.

అఖ్తర్ సాబ్ పోయాక, దుకాణం మరిది కొడుక్కి అప్పగించి, సింగపూర్‌లో బ్యాంకులో పనిచేసే కొడుకు ఇజాజ్ దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ భర్త గుర్తుగా పెట్టెలో ఒక పెన్నుల స్టాండు పెట్టుకుంది. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు పది అతికించి ఆయన చేతులతో చేసినది. ఖాళీ గొట్టమంటే ఆవిడ దృష్టిలో ఇత్తడి ముక్క. ఈ దేశంలో అది కూడా నేరమే. విమానాశ్రయంలో ఒక గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టి, అది తీసేసుకుని, హెచ్చరించి వదిలేశారు. బయట నిలబడ్డ ఇజాజ్ మొహంలో నెత్తురు చుక్క లేదట. టాక్సీలో ఒకే ఒక్క మాట చెప్పాడు. "అమ్మీ, ఈ ఊర్ల ఆ ముచ్చట నీ నోట్లకెళ్ళి రావద్దు."

ఆరేళ్ళుగా కొడుకు ముందు ఆ మాట రాలేదు. తనకి తెలిసిన పని ఒకే ఒక్కటి, దాని పేరెత్తడానికి లేదు. కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే, తొమ్మిదో అంతస్తులో బట్టలు మడతపెట్టుకుంటూ, కిటికీలోంచి ఎదురు బ్లాకు కిటికీలు చూసుకుంటూ కూర్చుంటుంది. మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగడం కూడా తక్కువే. "జైలు మంచిగున్నది బిడ్డా, ఏసీ గూడ వెట్టిచ్చిన్రు" అని నవ్వుతుంది. నేను మాత్రం ఆ నవ్వులో కలవలేకపోయేదాన్ని.

ఎందుకంటే నాదీ అదే కథ. నా పేరు అరుంధతి, మాది ఒంగోలు. పద్నాలుగేళ్ళ క్రితం మా ఆయన చక్రధర్ వెంట ఈ ఊరొచ్చాను. ఇక్కడ ఉండటానికి ఇచ్చే నా పాసు ఆయన ఉద్యోగం పాసుకి తోక. ఆయన ఉద్యోగం ఉంటే నేను ఇక్కడ ఉంటాను, లేకపోతే లేను. పాస్‌పోర్టులన్నీ ఆయన ఆఫీసు డ్రాయర్లో ఉంటాయి. "నువ్వయితే ఎక్కడో పెట్టి మర్చిపోతావు" అంటారు. ఇన్నేళ్ళలో నేను మర్చిపోయింది స్టౌ మీద పాలగిన్నె ఒక్కటే. ఆంగ్ మో కియోలో రహమత్ బీ వాళ్ళ పై అంతస్తులో అయిదేళ్ళు అద్దెకున్నాం. పుంగ్గోల్‌కి మారాక కూడా ప్రతి బుధవారం మధ్యాహ్నం బస్సెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళి కుట్టుపని నేర్చుకుంటున్నాను. తలుపులు మూసుకుని, కొడుక్కి తెలియకుండా, తన దుకాణం కబుర్లన్నీ ఆవిడ నాకే చెప్పుకునేది.

మా ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఈ మాట నేను చాలామందితో చెప్పాను, ఎవరూ అడక్కుండానే. ఆయన కోపమంతా వస్తువుల మీదే. కుక్కరు మూత, టీవీ రిమోటు, ఒకసారి మా అమ్మాయి దీక్షిత లెక్కల పుస్తకం. ఒక్కసారి మాత్రం నా మణికట్టు పట్టుకున్నారు. ఆ వారమంతా ఈ ఎండల్లో నేను పొడుగు చేతుల కుర్తాలు వేసుకుని తిరిగాను.

ఈ ఏడు ఆయనకి అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. పీఆర్ నాలుగోసారి కూడా రాలేదు. జూన్ తర్వాత పాసు పొడిగించడం లేదని ఆఫీసులో చెప్పేశారు. హైదరాబాదు వెళ్ళిపోదామంటే, శంకర్‌పల్లి దగ్గర మేము కొనుక్కున్న స్థలంలోకి ఎవరో దిగారు. హద్దు రాతి కడీలు పీకేసి, కాపలా ఉన్న రాజారావు తల పగలగొట్టారు. వారానికోసారి ఫోన్ చేసి, "ఎప్పటికైనా ఈడికి రావాలె గద సార్" అని, అంతే, పెట్టేస్తారు. ఆయన భయం అబద్ధం కాదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆయన మొహం చూస్తే నాకే జాలేసేది.

రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టారు. హైదరాబాదులో ఆయన బాబాయి సాంబమూర్తి గారు ఆ పనులు చూస్తున్నారు. ఇక్కడ ఈయన రోజూ సాయంత్రం సోఫాలో కూర్చుని, ఏది నమ్మకమైనది, ఏది రోజూ దగ్గర పెట్టుకోవడానికి తేలిక అని వీడియోలు చూడటం మొదలుపెట్టారు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నేను, "ఇన్ని వీడియోలెందుకండీ, మా రహమత్ ఆంటీని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతుంది" అన్నాను. సరదాకే అన్నాను. అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను కానీ, ఆయన అప్పటికే కంచం పక్కకి జరిపి నావైపు తిరిగారు.

ఇజాజ్ వాళ్ళు ఇంట్లో లేని ఆదివారం చూసుకుని ఇద్దరం వెళ్ళాం. రహమత్ బీ ఆయన చెయ్యి పట్టుకుని కొలిచింది. ఈసారి "ఊఁ" అనలేదు. నాచేత తలుపు వేయించి, "ఎవర్ని జూసి భయం బేటా?" అని అడిగింది.

ఆయన కడీల సంగతి, రాజారావు సంగతి, ఫోన్ల సంగతి అన్నీ చెప్పారు. ఆవిడ అన్నీ విన్నది.

"ఉన్నరు గసుమంటోళ్ళు. భయపడుడు తప్పు గాదు" అంది.

"పిస్తోలు మంచిదా ఆంటీ, రివాల్వరా? వీడియోల్లో అందరూ పిస్తోలే అంటున్నారు."

"ఆళ్ళకేం, ఆళ్ళకదే పని. నువ్వు వారం వారం విప్పి తుడుస్తవా? నూనె వెడతవా? నీ బూట్లు పాలిష్ ఎవరు జేస్తరు?"

ఆయన నావైపు చూశారు.

"అయితే నీకు రివాల్వరే" అని తేల్చేసింది. "పిస్తోలు సేవ అడుగుతది. రివాల్వర్ అడగదు. ఆర్నెల్లు బీరువాల పడున్నా తీసిననాడు పలుకుతది. నమ్మకమంటే గదే. ముప్పై రెండు బోరు సైజుది తీస్కో. ఘోడా జర గట్టిగుండాలె."

"ఘోడా అంటే?"

"ఏలుతోటి గుంజేది. అది అల్కగుంటే, కోపంల ఏలు దానంతటదే గుంజుతది. గట్టిగుంటే గుంజేలోపల మనిషికి జర సోయి వస్తది."

చెబుతూనే వంటింట్లోంచి అద్దాలు తుడిచే స్ప్రే సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఈ దేశంలో పిల్లల బొమ్మ తుపాకీ చేతిలో పట్టుకోవాలన్నా ఆవిడకి భయమే. సీసా పిడి ఎలా పట్టుకోవాలో, చూపుడువేలు ఎక్కడ ఆనించాలో, భుజం ఎక్కడ బిగించకూడదో చూపించింది. ఆయన కిటికీ వైపు గురిపెట్టి రెండుసార్లు నొక్కారు. చేతికి బాగా కుదిరింది. మూడోసారి నవ్వుతూ నావైపు తిప్పి, "హ్యాండ్సప్ అరూ" అని నొక్కారు.

నాలుగు నీటి చుక్కలు పడ్డాయి, అంతే. నేను మాత్రం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఫ్రిజ్ పక్కకి దూరిపోయాను. ఎప్పుడు దూరానో నాకే తెలియలేదు. "సరదాకేలే, మరీనూ" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. రహమత్ బీ నవ్వలేదు, సీసా ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"రోజూ వెట్టుకునేదానికి చెయ్యి కన్న నడుము ముఖ్యం బేటా. బరువు మోస్తవో లేదో జూడాలె" అంది. ముప్పావు కిలో కందిపప్పు తూచి, మందపాటి గుడ్డసంచిలో పోసి, మూతిని ఎర్రదారంతో కుట్టేసింది. బెల్టుకి తగిలించుకోడానికి ఒక పట్టీ కూడా కుట్టింది. "ఏడు దినాలు నడుముకు కట్టుకో. ఆఫీసుకు, బజారుకు, అన్నంకాడ, అన్నిటికి. తానానికి, పండుకునేటప్పుడే తియ్యాలె. ఎనిమిదో దినం తీస్కరా. అప్పటికి గూడ కావాలనిపిస్తే, నా మరిది కొడుక్కు చిట్టీ రాసిస్త. మంచి పీసు ఏరి ఇస్తడు."

మా ఆయనకి ఇది తెగ నచ్చింది. ఇలాంటి కిటుకు ఏ వీడియోలోనూ లేదన్నారు. అక్కడే సంచి కట్టుకుని, హాల్లో అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నారు.

టీ పెట్టే మిషతో ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో చెప్పింది.

"ఆ ఏడు దినాలు ఆయన నడుము కోసం గాదు బిడ్డా. నీ కోసం."

నాకు అర్థం కాలేదు.

"తుపాకి కొనేది మొగోడు. దాంతోటి ఇంట్ల ఉండేది ఆడది. చానా ఏండ్ల కింద ఒక కంట్రాక్టర్ వచ్చిండు, పెండ్లాన్ని తోలుకొని. నేను తుపాకి బయటికి తీస్తనే ఆ పిల్ల రెండు చేతులు ఎనకకు వెట్టుకున్నది. నేను జూసిన. జూసి గూడ నోరు మూసుకున్న, బేరం చెడుతదని. మూడు నెలలకు ఆ పిల్ల సావు పేపర్ల వచ్చింది. ఫోటోల నేను కుట్టిన తోలుసంచి గూడ కనవడ్డది." పంపు కింద కప్పు కడుగుతూనే ఉంది, అది అప్పటికే తళతళలాడుతోంది. "అప్పట్నుంచి పప్పు కట్టిస్తున్న. అఖ్తర్ సాబ్ పోయేదాక గూడ అది నడుము కొరకే అనుకున్నడు."

"మరి నేనేం చెయ్యాలి ఆంటీ?"

"ఏడు దినాలు ఇంట్ల ఎట్లున్నదో జూడు. ఎనిమిదో దినం దారం కుట్టినట్టే వస్తే స్టాక్ ఉన్నదని నేనంట. తెగి వస్తే స్టాక్ లేదని నేనంట. ఎవరు తెంపిన్రని నేను అడగ. సంచి పిగిలిందనుకుంటరు మొగోళ్ళు."

"నన్ను చూశారుగా ఇందాక. ఇప్పుడే లేదని చెప్పెయ్యొచ్చుగా?"

"మొకం జూసి నేను చెప్ప బిడ్డా, దారం జూసే చెప్త. ఇంట్ల ఉండేది నువ్వు." ఆవిడ గొంతు కాస్త కటువుగానే ఉంది. "ఇంకోటి ఇను. నేను లేదన్నా ఊర్ల ఇంక దుకాణాలున్నయి. లైసెన్సు ఇచ్చే ముందట పోలీసోళ్ళు ఇంటికొస్తరు, ఇంట్లోళ్ళను గూడ అడుగుతరు. ఆడోళ్ళేం జేస్తరు? చాయ్ ఇచ్చి లోపలికి పోతరు. అందుకే ఒక్కపారన్న ఇక్కడ చెప్పనియ్యాలని."

ఎంతమంది తెంపారని అడిగాను. సగం కన్నా తక్కువే అంది. తెంపాలని వచ్చి తెంపలేనివాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయని కూడా అంది.

సోమవారం అంతా వేళాకోళంగానే గడిచింది. చొక్కా కింద పప్పు మూట వేసుకుని ఆఫీసుకెళ్ళి, మీటింగులో ఎవరికీ తెలియలేదని వచ్చి చెప్పుకుని నవ్వారు. మంగళవారానికి ఆయన నడక మారింది. జూన్ సంగతి తెలిసిన దగ్గర్నుంచి వంగిపోయిన మనిషి నిటారుగా నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగానే ఉన్నారు. పోనీలే, ధైర్యం వచ్చిందనుకున్నాను.

బుధవారం నేను రహమత్ బీ ఇంటికి వెళ్ళలేదు. తలుపు గొళ్ళెం తియ్యడం ఆలస్యమైందని ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి, "ఎంతసేపు?" అన్నారు. గొంతు పెంచలేదు. కుడిచెయ్యి మాత్రం వెళ్ళి సంచి మీద ఆగింది. ఆయనకి తెలిసి చేసింది కాదు. నేను స్నానాల గదిలో ఉన్నానని చెప్పబోయి, ఆ చెయ్యి చూసి, "తప్పయిపోయింది" అన్నాను. పప్పు చూసి భయపడ్డానని తర్వాత నామీద నాకే నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

గురువారం నుంచి ఆ చెయ్యి అక్కడే ఉండటం మొదలైంది. కూరలో ఉప్పు చాలకపోతే అక్కడికే వెళ్ళింది. నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే అక్కడికే. కుక్కరు మూత విసరడం మానేశారు. విసిరే అవసరం లేకపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఎవరైనా చూస్తే ఎంత ప్రశాంతమైన సంసారమో అనుకుంటారు.

శుక్రవారం దీక్షిత, స్కూలు వాళ్ళతో మలేషియా వెళ్ళే ట్రిప్ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. దానికి పదమూడేళ్ళు, ఇక్కడే పుట్టింది. "జూన్ దాటితే మనమే ఉండం, ట్రిప్పేంటి?" అన్నారాయన. అది ఏదో అనబోయింది. ఆయన వేళ్ళు సంచి మీద రెండుసార్లు తట్టాయి. దాని కళ్ళు ఆ వేళ్ళ మీదికి వెళ్ళాయి. ఆ సంచిలో ఏముందో, అదెందుకో దానికి ఎవరూ చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేను నోరు తెరిచేలోపు నా కొంగు లాగి, "డోంట్ టాక్ నౌ లా, అమ్మా" అని ఇక్కడి యాసలో గొణిగి లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మాట్లాడకూడదో నా కూతురు నాకన్నా ముందే నేర్చేసుకుంది. ఆ క్షణం నాకు ఆయన మీద కన్నా నామీద ఎక్కువ మండింది.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సంచి మంచం మీదే ఉండేది. శుక్రవారం కత్తెర చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. శనివారం రెండుసార్లు తీసుకున్నాను. దారం కింద కత్తెర మొన కూడా దూర్చాను. అప్పుడే ఆయన ఫోన్ మోగింది, తెరమీద శంకర్‌పల్లి వాళ్ళ నంబరు. రేపు నిజంగానే వాళ్ళు గేటు దూకి వస్తే? నా దారం మూలంగా ఆయన చేతిలో ఏమీ లేకపోతే? ఆయన భయం పెద్దదా నా భయం పెద్దదా అని మంచం మీద కూర్చుని తూకం వేసుకుంటున్నాను. ఇంతలో షవర్ ఆగిపోయింది. కత్తెర దిండు కిందికి తోసేశాను.

ఆదివారం బస్సులో ఆంగ్ మో కియో వెళ్తున్నంతసేపూ సంచి ఆయన నడుముకే ఉంది. రహమత్ బీ తలుపు తీసింది. ఇజాజ్ వాళ్ళు ఆ రోజూ బయటికి వెళ్ళారు. ఆయన కూర్చుంటూనే సంచి విప్పి బల్ల మీద పెట్టి, "ఏడు రోజులూ వదల్లేదు ఆంటీ. చూడండి, ఒక్క కుట్టు కూడా కదల్లేదు" అన్నారు.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, సంచిని వెలుతురులోకి పట్టుకెళ్ళి, ఎర్రదారం ఆ చివర నుంచి ఈ చివరదాకా వేలితో తడిమింది. తర్వాత నావైపు ఒక్కసారి చూసింది. నేను నేలకేసి చూశాను. అలమారలోంచి కాగితాల పుస్తకం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది.

"నీ పూర్తి పేరు చెప్పు బేటా. మీ నాయిన పేరు గూడ."

ఆయన చెప్పారు. ఉర్దూ రాస్తూ పెన్ను కుడి నుంచి ఎడమకి కదలడం మొదలైంది. ఒక వరస అయింది. రెండో వరసలోకి దిగింది. ఆవిడ మాట ఇచ్చినట్టే మొహం చూసి చెప్పడం లేదు, దారం చూసే రాస్తోంది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. అన్నీ తెలిసీ రాస్తోందే అనుకున్నాను. అన్నీ తెలిసీ నేను చేసిందేమిటని ఆ వెంటనే తోచింది. దీక్షిత కాగితం మడుచుకున్న తీరు గుర్తొచ్చింది.

"ఆంటీ, ఆకలేస్తోంది. ఈ పప్పు వండేస్తాను" అన్నాను.

"ఇప్పుడు వంటేంటి? బయట తిందాం" అన్నారాయన.

నేను సంచి తీసుకుని వంటింటి గట్టు దగ్గరికి వెళ్ళాను. హాల్లోంచి చూస్తే ఆ గట్టు కనిపిస్తుంది, దాచడానికేం లేదు. కూరలు తరిగే కత్తి తీసుకుని, ఇద్దరూ చూస్తుండగా, ఎర్రదారం కోసేశాను. పప్పు సగం గిన్నెలో, సగం గట్టు మీద పడింది. గట్టు మీదదంతా అరచేత్తో కూడదీసి గిన్నెలో వేసి, నీళ్ళు పోసి కడిగాను.

వెనక రహమత్ బీ పెన్ను మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

"మర్సేపోయిన బేటా" అంది. "మొన్ననే ఫోన్ జేసిండు మరిది కొడుకు. స్టాక్ లేదట."

"ఇప్పుడు రాస్తున్నారు కదా?"

"రాస్తుంటే యాదికొచ్చింది."

"ఎప్పుడొస్తుంది?"

"రాదు."

మగవాళ్ళు దారాన్ని పట్టించుకోరని ఆవిడ అనుకుంది. ఆవిడ లెక్క మా ఆయన దగ్గర తప్పింది. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టుకోవడం. కోసిన దారం కేసి చూశారు, మూత పెట్టిన పెన్ను కేసి చూశారు, నాకేసి చూశారు. పప్పు ఉడికింది. టమాటా వేసి, ఎండుమిర్చి తాలింపు పెట్టి వడ్డించాను. ఆయన తలవంచుకుని తిన్నారు, రెండోసారి కూడా వేయించుకున్నారు.

బయల్దేరేటప్పుడు రహమత్ బీ నా కుడిచెయ్యి పట్టుకుంది. ఈసారి కొలవలేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. "బుధవారం రా బిడ్డా" అంది. రాలేకపోతే ఫోన్ చెయ్యమంది, ఇజాజ్ ఇంట్లో ఉన్నా ఫర్వాలేదంది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా గ్రిల్ పట్టుకుని అక్కడే ఉంది. అంతకన్నా ముందుకి రావడం ఆవిడ వల్ల కాదని నాకు తెలుసు.

రెండంతస్తుల బస్సులో పైన ఖాళీ దొరికింది. పక్కపక్కనే కూర్చున్నాం. నాలుగు స్టాపులు పోయాక అడిగారు.

"ఆ దారం ఎందుకు కోశావు?"

"పప్పు వండటానికి."

"అరూ."

ఆయన కుడిచెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. తిరిగొచ్చి మోకాలి మీద పడింది.

"నాకు భయమేసిందండీ."

"ఎవరంటే? ఆ శంకర్‌పల్లి వాళ్ళంటేనా? వాళ్ళకోసమేగా నేనింత..."

"మీరంటే."

పద్నాలుగేళ్ళలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు. మా ఆయన అరవలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అటే చూస్తూ, "ఊళ్ళో వేరే షాపులున్నాయి" అన్నారు.

"ఉన్నాయి. లైసెన్సుకి పోలీసులు ఇంటికొచ్చి అడుగుతారటగా. నేను టీ ఇచ్చి లోపలికి వెళ్ళను."

మా స్టాపు వచ్చింది, ఆయనే బెల్లు నొక్కారు. ముందు ఆయన దిగారు, వెనక నేను దిగాను. మా బ్లాకు ముందు ఆటస్థలంలో పిల్లలు అరుచుకుంటూ ఆడుతున్నారు. పైన ఏడో అంతస్తు కిటికీలో దీక్షిత నిలబడి మా కోసం చూస్తోంది. ఇంటి తాళంచెవి ఆయన జేబులో ఉంది. నేను ఆయన వెనకే నడిచాను.